పెళ్లయితే కుదిరే పిచ్చి

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. ఈ సామెత పుట్టించినవాళ్లు వెటకారంగానే పుట్టించారు. పీటముడి పడిన వ్యవహారాన్ని చూసి నవ్వుకోమన్నారు. మనవాళ్లు మాత్రం దాన్ని డాక్టరు చీటీలా చదువుకున్నారు. మొదటి సగం వదిలేసి, రెండో సగాన్ని మందుగా వాడుతున్నారు.

కుర్రాడు ఆర్నెల్లుగా గది దాటి రావట్లేదా? సంబంధాలు చూడండి, బాధ్యత మీద పడితే వాడే దారిలో పడతాడు. అమ్మాయికి రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదా, ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తోందా? గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించి మంచి ముహూర్తం పెట్టించండి. ఈ సలహా ఇచ్చే అత్తయ్యలూ బాబాయిలూ చెడ్డవాళ్లేం కాదు. కానీ ఈ వైద్యంలో మందు ఏమిటో ఒక్కరూ అడగరు. ఆ మందు ఒక మనిషి! ఏమీ తెలియకుండా ఆ ఇంట్లో అడుగుపెట్టే కోడలో, అల్లుడో.

రోగికి మాత్రం మేలు జరుగుతోందా? అదీ లేదు. కొత్త కాపురంలో టాబ్లెట్లు ఎక్కడ దాచుకోవాలి? ఎవరూ చూడకుండా ఎలా మింగాలి? అందుకే చాలామంది మూడుముళ్లకి ముందే మానేస్తారు. డాక్టరుని అడక్కుండా ఉన్నట్టుండి మందులు ఆపేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. పెళ్లి హడావిడి, నిద్రలేమి, కొత్త ఇల్లు దానికి తోడు. తీరా తిరగబెట్టాక, "అబద్ధం చెప్పి అంటగట్టారు" అని పంచాయితీ.

"చెబితే పెళ్లెలా అవుతుంది?" అంటారు. చట్టం మీరనుకున్నంత కఠినంగా లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం అడ్డు చెప్పేది మతి స్థిమితం లేక సమ్మతి ఇవ్వలేని స్థితి గానీ, పెళ్లికీ, పిల్లల్ని కనడానికీ తగనంత తీవ్రమైన రుగ్మత గానీ, పదేపదే మతి చలించడం గానీ ఉంటేనే. స్కిజోఫ్రేనియా అన్న ముద్ర ఒక్కటే విడాకులకి చాలదని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. అదే చట్టం ముఖ్యమైన సంగతి దాచిపెట్టి, మోసంతో ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని అడిగే హక్కూ ఇచ్చింది. అంటే పెళ్లికి జబ్బు కంటే దాపరికమే పెద్ద ప్రమాదం.

ఇక దేవుడు. నమ్మకం జోలికొస్తే ఊరుకోమంటారు. రావట్లేదు. బాధలో ఉన్న మనిషికి గుడి మెట్లు, ఉపవాస ప్రార్థన, దర్గా నీడ ఇచ్చే ఓదార్పు నిజమైనదే. కన్నీళ్లు పెట్టుకుంటే ఎందుకని అడగని చోట్లు మనకి ఎన్నున్నాయి గనక? పేచీ అల్లా, దేవుడి పేరు చెప్పి డాక్టరు దగ్గరికి పోనివ్వని మనుషులతోనే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా వైద్యం కోసం వచ్చినవాళ్లని ఉంచిన ఒక పాకకి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. వాళ్లని అక్కడ వదిలివెళ్లింది ఇంట్లోవాళ్లే.

ఇంకో దారీ ఉంది. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ దవా, దువా రెండూ కలిపి నడిపారు. దువాకి వచ్చినవాళ్లని ముజావర్లే సైకియాట్రిస్టు దగ్గరికీ పంపారు. దేవుడేం అలగలేదు. మన పూజారులు, పాస్టర్లు, ముజావర్లు ఈ ఒక్క మాట అనడానికి ఏం అడ్డం? "మొక్కు తీర్చుకో నాయనా, మందు మాత్రం మానకు."

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది 2017లో. గొలుసులతో కట్టేయడం నేరమైంది. 2022 నుంచి 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. కానీ పెళ్లిచూపుల గదిలోకి ఏ చట్టమూ రాదు. అక్కడ ఉండేది మనమే.

అవును, మనమే. అక్టోబరు 10 రాగానే మానసిక ఆరోగ్యం మీద పోస్టు పెడతాం. "నా థెరపిస్టు ఏమందంటే" అని కాఫీ దగ్గర గొప్పగా చెప్పుకుంటాం. అదే థెరపిస్టు సంగతి మ్యాట్రిమొనీ ప్రొఫైల్లో ఉండదు. అవతలివాళ్లు నిజాయితీగా "నేను మందులు వాడుతున్నాను" అంటే మాత్రం, జాతకాలు కలవలేదని కబురు పంపిస్తాం.

షుగరుందని చెప్పినవాళ్లని ఏం అడుగుతాం? కంట్రోల్లో ఉందా, మందులు వాడుతున్నారా అని. ఇక్కడా అడగాల్సింది అంతే. ఎన్నాళ్లుగా, ఏ మందు, ఎవరు చూస్తున్నారు, బాగా లేనప్పుడు నేనేం చెయ్యాలి? ఆ తర్వాత కూడా వద్దనుకుంటే అది మీ ఇష్టం. కానీ నిజం చెప్పినవాళ్లకే శిక్ష వేస్తూ, అందరూ దాస్తున్నారని వాపోవడం ఏం న్యాయం?