మార్కెటింగు చదువునకు తెలుగు అడ్డమా?

కళాశాలలలో ప్రవేశముల కాలము వచ్చినప్పుడెల్ల మన తెలుగు కుటుంబములలో ఒక చర్చ బయలుదేరుచుండును. అంగడులు గలవారును, మగ్గములు గలవారును, నెల జీతముపై బ్రతుకువారును తమ బిడ్డలను బి.బి.ఏ. తరగతిలో చేర్చి, మార్కెటింగు ప్రధాన విషయముగా చదివింపవలెనని తలచుచున్నారు. తలంపు మంచిదే. కాని దాని వెంట ఒక చెడు సలహాయు వచ్చి చేరుచున్నది. "ఇది ఇంగ్లీషు చదువు. ఇక తెలుగు కట్టిపెట్టుము. మార్కులు వచ్చు భాష ఏదో తీసికొనుము" అని పెద్దలే పిల్లలకు బోధించుచున్నారు. ఈ సలహా పొరపాటనియు, దీనివలన మన బిడ్డలకు కలుగునది నష్టమేననియు మా వాదము. భాషాభిమానమును కొంతసేపు ప్రక్కన పెట్టి, వ్యాపారపు లెక్కతోనే దీనిని విచారింతము.

మొదట వేరొక అభిప్రాయమునకు సమాధానము చెప్పవలసియున్నది. "మనది వర్తకుల ఇల్లు. బేరము మనకు పుట్టుకతో వచ్చినది. అమ్మకము నేర్చుటకు మూడేండ్ల ఫీజు దండుగ" అని కొందరు తాతలు అనుచున్నారు. వారి అనుభవమునకు నమస్కారము. కాని అనుభవము చూడజాలని లెక్కలు కొన్ని కలవు.

తెలుగు దేశమునుండి తరలిపోయి సోలాపురమున మగ్గములు నిలిపిన పద్మశాలి కుటుంబముల సంగతి చదువరులకు తెలిసినదే. అట్టి ఒక ఇంటిని ఊహింతము. తువ్వాలు ఒక్కింటికి నూలు, రంగు, కూలి కలిసి 90 రూపాయలు. అమ్ముడు ధర 120 రూపాయలు. సరుకు కదలినను కదలకున్నను తప్పని అద్దె, జీతములు, వడ్డీ కలిసి నెలకు 60,000 రూపాయలు. తువ్వాలుకు 30 రూపాయలు మిగులును గనుక నెలకు 2,000 తువ్వాళ్ళు అమ్మిననే గాని పెట్టుబడి గిట్టదు. ఎదుటి అంగడిని చూచి ధర 10 రూపాయలు తగ్గించితిమా, మిగులు 20కి దిగును. అప్పుడు 3,000 తువ్వాళ్ళు అమ్మవలెను. ధరలో తగ్గినది పండ్రెండవ వంతు. అమ్మకము పెరుగవలసినది సగము. అనుభవజ్ఞుడు "పది రూపాయలే కదా" యనును. చదివినవాడు "ఆ వేయి తువ్వాళ్ళు కొనువారెవ్వరు?" అని యడుగును. ఈ ప్రశ్న అడుగుట నేర్పునదే ఈ చదువు.

ఇంజనీరింగు దొరకనివారి చదువని దీనిని చులకన చేయుటయు తగదు. 2024–25 విద్యా సంవత్సరమునుండి అఖిల భారత సాంకేతిక విద్యా మండలి బి.బి.ఏ. చదువును తన ఆమోద పరిధిలోనికి తెచ్చినది. ఇందు జమాఖర్చులు, గణాంకములు, అర్థశాస్త్రము, వాణిజ్య చట్టము, విపణి పరిశోధన, కొనుగోలుదారుల ప్రవర్తన, ప్రకటనలు, అంతర్జాలమందలి అమ్మకములు మున్నగునవి పాఠ్యములు. శ్రద్ధతో చదువువానికి ఇది తేలిక చదువు కాదు.

ఇక అసలు విషయము. మార్కెటింగు అనగా నేమి? తయారైన సరుకును ఎట్లయినను వదిలించుకొనుట కాదు. 1960లో మెకార్తీ అను అమెరికా ఆచార్యుడు వస్తువు, వెల, చేరవేయు స్థలము, ప్రచారము అను నాలుగు అంగములుగా దీనిని విభజించి పాఠ్యగ్రంథము వ్రాసెను. అదే సంవత్సరమున థియొడార్ లెవిట్ అను మరొక ఆచార్యుడు, తమ సరుకునే చూచుకొనుచు కొనువాని అవసరమును చూడని పరిశ్రమలు క్షీణించునని సుప్రసిద్ధ వ్యాసమొకటి ప్రకటించెను. నేటికిని మన కళాశాలలలో చెప్పు పాఠములకు ఇవి పునాదులు. ఈ శాస్త్రమంతయు ఒక్క మాటపై నిలిచియున్నది: కొనువాని మనస్సు తెలిసికొనుము. ఆ మనస్సు ఏ భాషలో నున్నదో ఆ భాష రానివాడు దానినెట్లు తెలిసికొనును?

ఒక చిన్న ఉదాహరణము. విపణి పరిశోధనలో విద్యార్థి ఇంటింటికి పోయి, "ఈ వస్తువు మీకెట్లున్నది?" అని అడిగి, చాల బాగున్నది, బాగున్నది, సామాన్యము, బాగుగా లేదు, ఏమియు బాగుగా లేదు అను ఐదు గడులలో ఒకదానియందు గుర్తు పెట్టును. తెలుగింటి ఇల్లాలు "బాగుంది" అనుట వేరు, "బాగానే ఉంది" అనుట వేరు. మొదటిది మెప్పు. రెండవది మర్యాదకు చెప్పిన మాట. రేపు ఆమె మరల కొనునను నమ్మకము లేదు. "ఫరవాలేదు" అనెనా, ఆ సరుకు ఆమెకు నచ్చలేదనియే తలపవచ్చును. ఇంగ్లీషులో మాత్రమే ఆలోచించు విద్యార్థి ఈ మూటిని ఒకే గడిలో పడవేసి, యంత్రగణకముచేత శాతములు కట్టించి, అందమైన పటములు గీసి యజమానికి చూపును. శాతములు ఒప్పు, సమాచారము తప్పు. ఒక్క అక్షరమున నున్న ఈ భేదము మన ఇంట పెరిగిన బిడ్డకు ఎవరును నేర్పనక్కరలేదు. ఆ బిడ్డనే మనము "తెలుగు మరచిపొమ్ము" అనుచున్నాము!

మరియొకటి. కోస్తా ప్రాంతమున వేరుశనగ యనునదే తెలంగాణమున పల్లీలు, రాయలసీమలో శనక్కాయలు, అందే కొన్ని తావుల బుడ్డలు. ఒక్క మాట నెన్నుకొని అన్ని చోట్లను ప్రకటన వేసినవాడు కొందరికి పొరుగూరివానివలె కనబడును. హోసూరు తెలుగునకును, బళ్ళారి తెలుగునకును, బరంపురము తెలుగునకును గల తేడాలు ఏ పాఠ్యగ్రంథమునను లేవు. అవి ఆయా ఊళ్ళలో తరతరములుగా కాపురమున్న మన ఇండ్లలో ఉన్నవి.

ఇది క్రొత్త మాట కాదు. మనవలెనే స్వస్థలమును విడిచి వచ్చిన ఒక తెలుగువాడు దీనిని చేసి చూపెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయి నగరమున అమృతాంజనమును స్థాపించిరి. సంగీత సభలలో దానిని ఉచితముగా పంచి జనులకు అలవాటు చేసిరని ప్రసిద్ధి. నేటి పాఠ్యగ్రంథములు నమూనాలు పంచుట అని ఒక అధ్యాయమున చెప్పునది ఇదియే. ఆ బొంబాయినుండియే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించి, 1914లో మద్రాసున దినపత్రికగా నడపిరి. మరాఠీ, గుజరాతీ మాటలాడు నగరమున వ్యాపారము చేయుచు తెలుగు పత్రిక పెట్టిన ఆయనకు తెలుగు అడ్డము రాలేదు. తెలుగువలన ఆయన వ్యాపారము చెడలేదు. వ్యాపారమువలన తెలుగు బాగుపడినది.

ఇటీవలి సంగతియు చూడుడు. 2001లో ఆనాటి హిందూస్థాన్ లీవరు సంస్థ పల్లెలకు తన సరుకు చేర్చుటకు శక్తి యను పథకమును నల్లగొండ జిల్లాలో ఆరంభించెను. పెద్ద చదువులు చదివిన అధికారులకు ఆ సంస్థలో కొదవ లేదు. అయినను గ్రామములలో సబ్బులును పొడులును అమ్ముటకు వారు ఆశ్రయించినది పొదుపు సంఘముల తెలుగు స్త్రీలను. ఇరుగుపొరుగు నమ్మునది తమ మాట మాటలాడువారినే యని ఆ సంస్థ గ్రహించినది. మనమే ఇంకను గ్రహింపలేదు.

ప్రతిపక్షుల వాదములను కూడ విందము.

"పుస్తకములన్నియు ఇంగ్లీషులోనే యున్నవి, ఉద్యోగపు ప్రశ్నలును ఇంగ్లీషులోనే" యందురు. నిజమే. ఇంగ్లీషు బాగుగా నేర్వవలెను. తాము నివసించు రాష్ట్రపు భాష అంతకంటెను బాగుగా నేర్వవలెను. తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒరియాయో రాని మార్కెటింగు పట్టభద్రుడు ఆ రాష్ట్రమున వీధి దాటలేడు. కాని రెండు భాషలు వచ్చినవానికి మూడవది బరువు అనుట ఎక్కడి లెక్క? పోటీలో నిలిచిన నూరుమందికిని ఇంగ్లీషు వచ్చును. ఇంగ్లీషుతోపాటు తమిళమును తెలుగును చదివి వ్రాయగలవారు వారిలో ఎందరు? తనవద్ద మాత్రమే యున్న సరుకును దాచిపెట్టి, అందరివద్ద నున్న సరుకునే అమ్మజూచువాడు ఏ పాటి వర్తకుడు?

"తెలుగు కొనుగోలుదారులెందరు?" అందురు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. తమిళనాటనే సుమారు 42 లక్షలు, కర్ణాటకమున సుమారు 35 లక్షలు, మహారాష్ట్రమున సుమారు 13 లక్షలు. ఇది చిన్న సంత కాదు.

"సరుకు పొట్లముపై ఇంగ్లీషే కదా" యందురు. 2011 నాటి పొట్లపు సరుకుల నియమములు వివరములను హిందీలో గాని ఇంగ్లీషులో గాని ముద్రింపవలెననుచున్నవి. వాటితోపాటు ఇతర భాషలను వాడుటను నిషేధింపలేదు. తెలుగు లేకుండుటకు చట్టము కారణము కాదు. అడుగువారు లేకుండుటయే కారణము.

"ఇంట మాటలాడుచున్నాము గదా, చాలదా?" యందురు. చాలదు. ఇక్కడనే మన ఇల్లు కాలుచున్నది. మాట వచ్చి లిపి రాని తరమొకటి మన కన్నుల ముందు పెరుగుచున్నది. తెలుగు ప్రకటనలోని అచ్చుతప్పును పట్టలేనివానికి, తెలుగులో ప్రశ్నల పట్టిక వ్రాయలేనివానికి, కొనుగోలుదారు తెలుగున వ్రాసిన ఫిర్యాదును చదువలేనివానికి ఏ యజమాని తెలుగు ప్రాంతపు బాధ్యత నప్పగించును? ఆ పని ఇతరునికి పోవును. మనవాడు ఇంట తెలుగు మాటలాడుచునే ఉద్యోగమునకై తిరుగును.

పాఠశాలలో లిపి నేర్చు అవకాశము తగ్గినదనుట వాస్తవము. తమిళనాట 2006 నాటి చట్టము పాఠశాలలలో మొదటి భాగమున తమిళమును తప్పనిసరి చేసినది. తమిళము నేర్వవలదని మనలో నెవరును అనరు. దానితోపాటు తెలుగును నిలుపుకొను దారి ఇరుకైనదనియే మన బాధ. రాజ్యాంగమున 1956లో చేర్చిన 350ఏ అధికరణము మాతృభాషలో బోధనకు సౌకర్యము కల్పింపవలెననుచున్నది. కాని అది ప్రాథమిక విద్యకు మాత్రమే. కళాశాల చేరిన బిడ్డను ఆ అధికరణము కాపాడదు. మనమే కాపాడుకొనవలెను.

కళాశాలల తప్పును దాచవలసిన పని లేదు. చివరి సంవత్సరమున విద్యార్థి స్వయముగా చేయవలసిన పరిశోధన నివేదికను కొందరు బజారున కొని అట్టకట్టి ఇచ్చుచున్నారు. కొననివారు సైతము పరదేశపు కాఫీ అంగడుల గూర్చి పుస్తకములు చూచి వ్రాయుచున్నారు. తమ వీధిలోని తువ్వాలు ఎందుకు కదలుట లేదో అడుగుట లేదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమను పెద్దల మాట ఈ చదువునకు తగినట్లు మరి దేనికిని తగదు.

కావున మేము కోరునది ఇది. తమిళనాటి కళాశాలలలో మొదటి భాగమున తమిళమునకు బదులు ఇతర భాష నెన్నుకొను వీలు గల చోట్ల, తెలుగు ఉన్నదా యని ప్రవేశపు నాడే వ్రాతమూలముగా అడుగుడు. ఒక్కడు అడిగిన కాదందురు. ఇరువదిమంది సంతకములతో అడిగిన ఆలోచింతురు. తెలుగు లేని చోట్ల సంఘ శాఖలు ఆదివారపు తరగతులు నడపవలెను. ఇంట మాటలాడు బిడ్డకు లిపి నేర్పుటకు ఒక్క వేసవి చాలును. మన వర్తకులు తమ దుకాణములను, మగ్గపుశాలలను ఈ విద్యార్థుల పరిశోధనకు తెరువవలెను. వారిచేత ఊరక పద్దులు వ్రాయింపక, కొనువారిని తెలుగున ప్రశ్నించి తెలిసికొనిన దానిని వినవలెను. చేసిన పనికి కూలి యీయవలెను. ఆడుబిడ్డలను చదివించు తలిదండ్రులు ఆ పట్టమును పెండ్లి సంబంధమునకు అలంకారముగా ఎంచక, అంగడి లెక్కలును అధికారమును వారి చేతికిని ఈయవలెను.

కళాశాల దరఖాస్తులో భాష యను గడి ఒకటి యుండును. దానిని నింపుటకు ముందు, ఏది సులభము అని గాక, ఈ బిడ్డ రేపు ఎవరికి సరుకు అమ్మవలసియున్నది అని తలిదండ్రులు ఒక్కమారు ఆలోచింతురు గాక.