కుటుంబ ఆరోగ్యం: సిగ్గు ప్రాణం మీదికి రాకూడదు



పడకగది దాటి బయటికి రాని ఒక బాధను గూర్చి ఈ నెల వ్రాస్తున్నాము. పురుషునికి అంగస్తంభన సరిగా కలుగకపోవడం శాపం కాదు, జబ్బు. షుగరు, బి.పి., బీడీ, మద్యం దీనికి కారణాలు. వానలు లేక వేరుశనగ ఎండిపోయి, అప్పుల చింతతో నిద్రపట్టని తనకల్లు రైతుకూ ఇది రావచ్చు. కొందరికి ఇది గుండెజబ్బుకు ముందు సూచన. కనుక మొదట పరీక్షలు చేయించుకోండి.

1998లో వయాగ్రా పేరుతో వచ్చిన సిల్డెనాఫిల్ మాత్ర చాలామందికి మేలు చేసింది. డాక్టరు చీటీ లేకుండా దానిని కొనకండి. మూలికల మందులని అమ్మినవాటిలో కూడ ఇదే మందు దాచి కలిపినట్లు పరీక్షలలో బయటపడింది.

డాక్టరు చెప్పిన మోతాదే, సుమారు గంట ముందు, రోజుకు ఒక్కసారే వేసుకోవాలి. పని చేయలేదని రెండవది మింగకూడదు.

గుండెనొప్పికి నాలుక క్రింద పెట్టుకొనే సార్బిట్రేట్ వంటి మందులు వాడేవారు దీనిని ముట్టరాదు. రెండూ కలిస్తే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. మాత్ర వేసుకున్నాక ఛాతీలో నొప్పి వస్తే, కదిరికి వెళ్లినా మదనపల్లెకు వెళ్లినా ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. మీకు మాట రాని స్థితిలో చెప్పవలసింది మీ భార్యే. అందుచేత ఆమెకు తెలియకుండా వేసుకోకండి.

స్తంభన 4 గంటలు దాటినా, చూపు హఠాత్తుగా తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.