చైనా గోడ

పిల్లలూ! మీ పంతుళ్ళు కూడా పాఠం చెప్పడం నేర్చుకునే వస్తారు. ఈమధ్య నేనొక శిక్షణ కళాశాల చూసివచ్చాను. అక్కడివారు పది నిమిషాల చిన్నపాఠం చెప్పి, వీడియో తీసి, తమ వాట్సాప్ గ్రూపులో పెడతారు. తోటివారు తప్పొప్పులు చెబుతారు. (ఈ చిన్నపాఠాల పద్ధతి 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది. అప్పుడీ ఫోనులెక్కడివి!)

ఒకమ్మాయి తన పాఠంలో, "చైనా గోడ చంద్రుడి మీదినుంచి కనిపిస్తుంది," అన్నది. అందరూ భేషన్నారు. క్లాసులో ఎన్నడూ నోరు విప్పని కుర్రవాడొకడు మాత్రం, "చూసిందెవరండీ?" అని రాశాడు.

వెతికారు. 2003లో భూమిచుట్టూ తిరిగివచ్చిన చైనా వ్యోమగామి యాంగ్ లీవేకే అది కనిపించలేదట! గోడ పొడవు వేలమైళ్ళయినా వెడల్పు కొద్ది గజాలే. చంద్రుడో, 3,84,000 కిలోమీటర్ల దూరాన ఉన్నాడు.

ఆ అమ్మాయి పాత వీడియో తీసెయ్యలేదు; సరిచేసిన పాఠం దాని కిందనే పెట్టింది.

ఆ గోడమాట నేనూ ముప్పైయేళ్ళు చెప్పాను. నన్ను అడిగినవాడు లేడు.