సంతకంతో వచ్చి... సంతకంతో పోయి!

ఎన్నికల హామీలు నీటి మీద రాతలని మనవాళ్లు ఊరికే అనరు. ఆ మాట మనకే కాదు, అమెరికాకీ వర్తిస్తుంది.

వాతావరణ మార్పు అనగానే తనకు తట్టే మాట 'ఉద్యోగాలు' అని 2020 జులైలో ఎన్నికల ప్రచారంలో చెప్పారు జో బైడెన్. కాలుష్యంలేని కరెంటు కోసం, వాటితో వచ్చే కొలువుల కోసం నాలుగేళ్లలో 2 లక్షల కోట్ల డాలర్లు ఖర్చుపెడతానన్నారు. ఆ ప్రయోజనాల్లో 40 శాతం, ఇన్నాళ్లూ పొగనీ విషాన్నీ భరించిన పేద ప్రాంతాలకే అందాలన్నారు.

ఆ ప్రాంతాలకే ఎందుకు? దానికో కథ ఉంది. 1978లో నార్త్ కరోలినాలో పీసీబీ అనే విషరసాయనం కలిసిన నూనెను దొంగచాటుగా రోడ్ల పక్కన పారబోశారు. ఆ మట్టిని తవ్వి ఎక్కడ పూడ్చాలి? ప్రభుత్వం వారెన్ కౌంటీని ఎంచుకుంది. అక్కడ ఎక్కువమంది నల్లజాతి పేదలే. 1982లో లారీలు రాగానే జనం రోడ్డుకు అడ్డంగా పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. అయినా లారీలు ఆగలేదు. కానీ 'పర్యావరణ న్యాయం' కోసం ఉద్యమం మొదలైంది మాత్రం అక్కడి నుంచే అంటారు.

గెలిచాక బైడెన్ 2021 జనవరి 27న 40 శాతం హామీని ఉత్తర్వుగా జారీ చేశారు. 2022 ఆగస్టులో చట్టమూ తెచ్చారు. అందులో ఓ మంచి మెలిక ఉంది. పెద్ద సోలార్ ప్లాంటు పెట్టే కంపెనీకి పన్ను రాయితీ 6 శాతమే. కార్మికులకు స్థానికంగా నడుస్తున్న కూలి ఇచ్చి, కొత్తవాళ్లకు పని నేర్పిస్తే... 30 శాతం! బొగ్గు గని మూతపడిన చోట పెడితే ఇంకో 10 శాతం.

2025 జనవరి 20న ట్రంప్ మళ్లీ గద్దెనెక్కారు. అదే రోజు 40 శాతం ఉత్తర్వు రద్దయింది. ఒక్క సంతకం... అంతే! చట్టం జోలికి వెళ్లడం మాత్రం అంత తేలిక కాలేదు. సెనేట్‌లో ఓట్లు 50-50గా చీలితే ఉపాధ్యక్షుడి ఓటుతో గట్టెక్కాల్సి వచ్చింది. జులై 4న సౌర, పవన విద్యుత్తు రాయితీల గడువు కుదించారు. కొన్ని రాయితీలు మాత్రం మిగిలాయి.

మరి వారెన్ కౌంటీ ఏమైంది? విషాన్ని శుద్ధిచేసే పద్ధతి దొరికిన రోజున ఆ పని చేయిస్తానని 1982లో గవర్నర్ జిమ్ హంట్ మాటిచ్చారు. జనం ఆ మాటను మరిచిపోలేదు, ప్రభుత్వాలను మరిచిపోనివ్వలేదు. ఇరవై ఏళ్లకు పైగా పట్టింది... ఆ మట్టిని శుద్ధి చేయించుకున్నారు!

ఈసారి మీ వీధిలోకి వచ్చి ఎవరైనా హామీ ఇస్తే, 'ఎంత ఇస్తారు?' అని అడిగి ఊరుకోకండి. 'చట్టం చేస్తారా?' అనీ అడగండి. ఆ రోజు తారీఖు మాత్రం ఎక్కడైనా రాసిపెట్టుకోండి!