ప్రెసిడెంటు గారి కుర్చీ

ఆ మధ్య తిరువూరు దగ్గర ఓ పల్లెకి పెళ్లికి వెళ్లాను. భోజనాల వేళ ‘ప్రెసిడెంటు గారొచ్చారు, కుర్చీ వెయ్యండి’ అంటూ ఒకటే హడావుడి. వచ్చినాయన దర్జాగా కూర్చున్నారు. వెనకే వచ్చిన ఆయన భార్య ఆడవాళ్ల మధ్య చాప మీద సర్దుకున్నారు. ఆరో తరగతి చదువుతున్న మా తమ్ముడి కూతురు నా చెవిలో అడిగింది: ‘పెదనాన్నా, ఊళ్లోవాళ్లు ఓట్లేసి గెలిపించింది ఆవిణ్ని కదా! మరి ఈయన్ని ప్రెసిడెంటు గారంటారేంటి?’

అప్పటికి పాయసం గ్లాసులో తల దూర్చి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక నిఘంటువులో తల దూర్చక తప్పలేదు.

చట్టం ప్రకారం చూస్తే ఆ ఊళ్లో ‘ప్రెసిడెంటు’ అనే పదవే లేదు. 1950 నాటి మద్రాసు గ్రామ పంచాయతీల చట్టంలో ఆ పేరుండేది. 1964లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాక సర్పంచి అయింది. 2022లో తిరువూరు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది కూడా. చట్టం మారినా, జిల్లా మారినా జనం నోట్లో ప్రెసిడెంటు మాత్రం మారలేదు!

ఇంతకీ ఆ మాటకి అర్థమేమిటి? లాటిన్‌లో ‘ప్రే’ అంటే ముందు, ‘సెదేరే’ అంటే కూర్చోవడం. కాబట్టి ప్రెసిడెంటు అంటే ముందు కూర్చునే మనిషి. గమనించండి, పైన కాదు, ముందు. నలుగురూ చేరినచోట అందరికీ కనబడేలా కూర్చుని సమావేశం నడిపించే మనిషన్నమాట. రెసిడెన్సు, సెషను కూడా ఈ కూర్చోవడంలోంచి పుట్టినవే.

ఈ మాటకి మన దగ్గరా చుట్టాలున్నారు. సంస్కృతంలో ‘సద్’ అంటే కూర్చోవడమే. సదస్సు, సదనం అక్కణ్నుంచి వచ్చాయి. గురువు దగ్గర కూర్చుంటే ఉపనిషత్తు, చుట్టూ కూర్చుంటే పరిషత్తు. మన మండల పరిషత్తు, జిల్లా పరిషత్తుల్లో ఉన్నదదే.

మరి సర్పంచి? పారశీకంలో ‘సర్’ అంటే తల. పంచ్ అంటే అయిదుగురు పెద్దలు. వాళ్లలో తలకాయ లాంటివారు సర్పంచి. అధ్యక్షుడిది ఇంకో దారి. పైనుంచి కన్నేసి ఉంచేవాడని అర్థం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పొలాల పనులు చూసే అధికారి పేరు సీతాధ్యక్షుడు. ఒకరికి తల, ఒకరికి కన్ను, ఒకరికి కుర్చీ!

ఈ కుర్చీ చాలా దూరమే నడిచింది. ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరాల్లో కౌన్సిల్‌ను నడిపే పెద్ద ప్రెసిడెంటు. ఆయన చేతికింది ప్రాంతం ప్రెసిడెన్సీ. అలా మన తిరువూరూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1789లో అమెరికావాళ్లు తమ అధినేతను ఏమని పిలవాలా అని తలబద్దలు కొట్టుకున్నారు. ‘హిజ్ హైనెస్’ అని తగిలిద్దామని సెనేట్‌లో కొందరు పట్టుబట్టారు. రాజు బెడద వదిలించుకున్నది మళ్లీ రాజరికపు బిరుదులివ్వడానికా అని ప్రతినిధుల సభ ఒప్పుకోలేదు. చివరికి ఉత్త ప్రెసిడెంటే ఖాయమైంది. అప్పట్లో అది సంఘాలూ సభలూ నడిపేవారికి వాడే మామూలు మాట మరి!

మనదేశంలో ఆ పదవికి రాష్ట్రపతి అని పేరు పెట్టుకున్నాం. 2007లో ప్రతిభా పాటిల్ ఎన్నికైనప్పుడు ‘మహిళను రాష్ట్రపతి అనొచ్చా’ అన్న చర్చ నడిచింది. ఆ ‘పతి’కి అర్థం భర్త కాదు, పాలించేవారని. పల్లెల్లో మాత్రం పతి అచ్చంగా భర్తే. ఉత్తరాదిలో ‘సర్పంచ్ పతి’ అన్న మాట ఎంత పాతుకుపోయిందంటే, 2015 ఏప్రిల్ 24న పంచాయతీరాజ్ దినోత్సవంలో ఆ పద్ధతి పోవాలని ప్రధానమంత్రే చెప్పాల్సి వచ్చింది.

1992లో 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు పదవులు మహిళలకిచ్చింది. తర్వాత మన రాష్ట్రం దాన్ని సగానికి పెంచింది. చట్టం కుర్చీ ఇచ్చింది సరే, అందులో కూర్చోనివ్వాల్సింది మనమే కదా!

ఇదంతా మా అమ్మాయికి ఫోన్లో పూసగుచ్చినట్టు చెప్పాను. ఓపిగ్గా విని, ‘అయితే ఆ కుర్చీ ఆవిడకే వెయ్యాలిగా. నీకు తెలిసి కూడా అక్కడెందుకు చెప్పలేదు పెదనాన్నా?’ అంది.

నా దగ్గర జవాబు లేదు. చేతిలో పాయసం గ్లాసు కూడా లేదు.

వచ్చే నెల అదే ఊళ్లో గృహప్రవేశం ఉంది. మా అమ్మాయిని కూడా తీసుకెళ్తున్నాను. ఈసారి కుర్చీ నేనే వేస్తాను.