నిదానమే ప్రధానము: జాఱెడి గేరుబాక్సు



మన భాషలో నిదాన మను మాటకు రెండర్థములు గలవు. తొందరపాటు లేకుండుట యొకటి, రోగమునకు మూలకారణమును కనుగొనుట మఱియొకటి. మొదటిది వాడుకలోనిది, రెండవది వైద్యశాస్త్రములోనిది. నిదానమే ప్రధానమని పెద్దలన్న మాట రెండింటికిని చెల్లును. ఈ నెల మేము వ్రాయబూనినది పికప్ బండిలోని ఆటోమేటిక్ గేరుబాక్సునకు వచ్చెడి జాఱుడు వ్యాధిని గూర్చి. ఇది స్త్రీలు చదువదగిన విషయమా యని శంకింపవలదు. బండికి వ్యాధి వచ్చినపుడు ఖర్చగునది ఇల్లాలు కూడబెట్టిన సొమ్మే గదా!

మా వారు ఉపాధ్యాయుల వినిమయ పథకము క్రింద అమెరికాకు వచ్చినది మొదలు మేము టెక్సాస్ రాష్ట్రమున నొక చిన్న పట్టణమున కాపురమున్నాము. ఇచ్చట బస్సులు లేవు. పాఠశాలకు పోవలెనన్నను, బియ్యము తేవలెనన్నను, బిడ్డకు జ్వరము వచ్చినను బండియే గతి. మా వంటి వారు కొనగలిగినది పాత పికప్ బండి. అది జాఱుట మొదలిడగానే గేరుబాక్సంతయు మార్చవలెనని కార్ఖానాలో చెప్పుట, కారణమడుగకయే మనము డబ్బు చెల్లించుట తఱచుగా జరుగుచున్నది. కారణము తెలియక చేసిన చికిత్స రోగికిని మేలు చేయదు, బండికిని మేలు చేయదు.

జాఱుట యనగా నేమి? మజ్జిగ చిలుకునపుడు కవ్వపు త్రాడు వదులైనచో చేతులు లాగుచునే యుండును, కవ్వము మాత్రము తిరుగదు. బండిలోను అట్లే. ఇంజను రొద హెచ్చును, దాని వేగమును చూపు ముల్లు పైకెగయును, బండి వేగము మాత్రము పెరుగదు. ముల్లు పైకిపోక బండి యీడ్చుకొని పోవుచున్నచో అది ఇంజను బలహీనతయే గాని జాఱుడు కాదు. ఈ భేదమును మొదట గుర్తింపవలెను.

ఇక లోపలి సంగతి. ఇంజనునకును గేరుబాక్సునకును నడుమ టార్క్ కన్వర్టరున్నది. ఎదురెదురుగా నమర్చిన రెండు పంకాలను ఊహించుకొనుడు. ఇంజను త్రిప్పెడి పంకా నూనెను విసరగా, ఆ తాకిడికి రెండవది తిరుగును. అటుపైని క్లచ్ ప్లేట్లు కట్టలు కట్టలుగా నున్నవి. ఏ గేరు కావలెనో ఆ కట్టను నూనె యొత్తిడియే బిగించి పట్టును. శక్తిని మోయునది, ప్లేట్లను బిగించునది, వేడిని తీసికొనిపోవునది, రాపిడిని తగ్గించునది అన్నియు నూనెయే. నూనె తగ్గినను, ఒత్తిడి తగ్గినను ప్లేట్ల పట్టు సడలును. సడలిన ప్లేట్లు ఒకదానిపై నొకటి రాచుకొని వేడెక్కును. వేడికి ప్లేట్ల పూత కాలును, నూనెయు చెడును. చెడిన నూనెవలన పట్టు ఇంకను సడలును. ఇట్లు వ్యాధి తన్ను తానే పెంచుకొనును గనుక ఆలస్యము పనికిరాదు.

మా బండి 2001వ సంవత్సరపు షెవ్రొలే సిల్వరాడో. అందలి గేరుబాక్సు పేరు 4ఎల్60-ఇ. అది జనరల్ మోటార్స్ వారు 1982లో తెచ్చిన 700ఆర్4 అను దాని సంతతి. 1993 నుండి విద్యుత్ సాధనములతో నడచుచు లక్షలాది బండ్లలో చేరినది. కావున దాని రోగలక్షణములు మెకానిక్కులకు బాగుగా తెలిసినవే. ఆ బండినే దృష్టాంతముగా జెప్పెదము.

మొదటి పరీక్ష నూనె. బండిని కొంతదూరము నడిపి, నూనె 82 నుండి 93 డిగ్రీల సెల్సియస్ వఱకు వేడెక్కిన పిదప సమతలమున నిలుపవలెను. బ్రేకు త్రొక్కియుంచి, గేరు కడ్డీని ఒక్కొక్క స్థానమున మూడు సెకండ్లు నిలుపుచు అన్నిటికి త్రిప్పి, పార్కులోనికి తేవలెను. ఇంజనును మూడు నిమిషములు ఆడనిచ్చి, అది ఆడుచుండగనే కొలబద్దను తీసి, తుడిచి, మరల దించి తీయవలెను. రెండు వైపులను చూచి, తక్కువగానున్న గుర్తునే లెక్కకు తీసికొనవలెను. నూనె తగ్గినచో అది ఎక్కడనో కారుచున్నదన్న మాట. కారుటను మాన్పక నూనె పోయుట చిల్లికుండలో నీరు నింపుటయే.

రెండవది రంగును వాసనయు. తెల్లని గుడ్డపై నొక చుక్క వేసి చూడుడు. ఎఱ్ఱగా తేటగా నున్నచో మంచిది. గోధుమరంగు తిరిగినచో పాతబడినది. నల్లబడి మాడిన వాసన కొట్టుచున్నచో ప్లేట్లు కాలినవి. పాలవలె గులాబిరంగున నుండెనా, రేడియేటరులోని నీరు నూనెలో కలసినది. అప్పుడు బండిని నడపనేరాదు.

మూడవది ఏ గేరున జాఱుచున్నదో గమనించుట. ఒకటవ, రెండవ గేర్లు బాగుగా నుండి, మూడవదానికి మారునపుడు ఇంజను రొద యొక్కసారిగా లేచినచో ఈ రకపు గేరుబాక్సులో 3-4 క్లచ్ ప్లేట్లను అనుమానింపవలెను. వీనికి అదియే మిక్కిలి ప్రసిద్ధమైన వ్యాధి. రెండు, నాలుగు గేర్లును వెనుకకు పోవు గేరును ఒక్కమాఱుగా పోయినచో లోపల సన్ షెల్ అను డొప్ప విఱిగియుండును. ఈ రెండింటికిని పెట్టె విప్పక తప్పదు.

నాలుగవది బండిలోని కంప్యూటరు వ్రాసికొన్న సంకేతము. 1996 నుండి అమెరికాలో అమ్మిన కార్లకును చిన్న ట్రక్కులకును దీనిని చదువు అమరిక యున్నది. విడిభాగముల దుకాణములు పెక్కింట దానిని ఉచితముగనే చదివి చెప్పుదురు. ఐదవది ఒత్తిడిమాపకము. అది మెకానిక్కు చేయవలసిన పని. ఒత్తిడి తక్కువగా నున్నచో పంపునో, కవాటములనో, ఫిల్టరునో వెదుకవలెను. ఒత్తిడి సరిగానుండియు జాఱినచో దోషము ప్లేట్లదై యుండవచ్చును.

ఈ పరీక్షల విలువ మాకు అనుభవమున దెలిసినది. రహదారిపై కొంతదూరము పోయిన తరువాత మా బండి జాఱి, పిదప గేర్లు మారునపుడు గట్టిగా కుదుపసాగెను. ఒక కార్ఖానాలో మూత యెత్తకయే గేరుబాక్సు మార్చవలెనని, మా వారి నెలజీతములో సగమునకు మించిన మొత్తమును చెప్పిరి. నూనె రంగెట్లున్నది, సంకేత మేమి వచ్చినది అని మేమడుగగా సమాధానము లేదు. వేఱొక చోట చదివింపగా పి1870 అను సంకేతము వచ్చెను. జాఱుడు కనబడినదని దాని యర్థము. అది కనబడగానే కంప్యూటరు నూనె యొత్తిడిని మిక్కిలి హెచ్చించును. కుదుపునకు కారణ మదియే. నూనె ఎఱ్ఱగనే యుండెను. అడుగు పళ్లెములో లోహపు తునకలు లేవు. ఈ సంకేతమునకు తఱచుగా కారణ మగునది, కన్వర్టరు క్లచ్చును నియమించెడి కవాటము తిరుగు రంధ్రము అరిగి ఒత్తిడి కారిపోవుట. ఆ భాగమును మాత్రము బాగుచేయించితిమి. బండి కుదుటబడెను. బక్కచిక్కిన గుఱ్ఱములను చూచి ఋతుపర్ణుడు శంకింపగా, బాహుకుడు లక్షణములు చూచి వాని సత్తువ నెఱిగినాడు గదా. పైరూపు వేఱు, లక్షణము వేఱు.

ఇక సంరక్షణ. బరువులు లాగువారును, కొండదారుల తిరుగువారును, 32 డిగ్రీలకు మించిన యెండలో పట్టణపు రద్దీయందు నడపువారును 50,000 మైళ్లకొకసారి నూనెయు ఫిల్టరును మార్చవలెనని ఆ కంపెనీవారి పుస్తకము చెప్పును. పని యసాధ్యము కాదు. మా వారును మేమును కలసి పెరటిలో చేసికొంటిమి. చక్రములకు అడ్డు పెట్టి, బండిని స్టాండ్లపై నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరరాదు. నూనె గోరువెచ్చగా నుండగా పళ్లెపు 16 బోల్టులను వదులుచేసి, ఒక మూలనుండి వంచి నూనెను వెడల్పు తొట్టిలోనికి దింపవలెను. పళ్లెములోని అయస్కాంతముపై బూడిదవంటి మెత్తని పొడి యున్నచో భయములేదు. తునకలును, నల్లని పూతముక్కలును కనబడినచో అచ్చటనే ఆగి మెకానిక్కును పిలువవలెను. ఫిల్టరును దాని సీలును క్రొత్తవి వేసి, పళ్లెమును తుడిచి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా 11 న్యూటన్ మీటర్ల వఱకే బిగింపవలెను. అధికముగా బిగించినచో పళ్లెము వంగి కారును.

పళ్లెము దింపినపుడు వచ్చునది సుమారు 4.7 లీటర్లు. మొత్తము నూనె పదిలీటర్లకు పైమాట గనుక సగమునకు మించి లోపలనే యుండును. కొలబద్ద గొట్టములో గరాటు పెట్టి, మొదట నాలుగు లీటర్లు పోసి, పైని జెప్పినట్లు పరీక్షించుచు మిగిలినది కొంచెము కొంచెముగా కలుపవలెను. అధికమైనచో నురుగెత్తి మరల జాఱుడు కలుగును. ఈ బండికి నాడు డెక్స్రాన్-3 నూనె నిర్ణయింపబడినది. 2005లో వచ్చిన డెక్స్రాన్-6 దానికి బదులు పనికివచ్చును. వాడిన నూనెను కాలువలో పోయక, తీసికొను దుకాణమున కీయవలెను.

స్వదేశమునందలి సోదరీమణులకును ఒక మాట. ఆటోమేటిక్ గేర్ల పికప్ బండ్లు మన దేశమునను అమ్ముచున్నారు. క్రొత్త బండ్లలో పెక్కింటికి కొలబద్దయే లేదు. నూనె రకమును వేఱు. కావున మీ బండి పుస్తకమునే ప్రమాణముగా గొనుడు.

క్రొత్త నూనె అన్నిటికి మందని తలంపరాదు. కాలిన ప్లేటునకు నూనె ప్రాణము పోయదు. పరీక్షలన్నియు ఆ నిర్ణయమునకే వచ్చినచో ఖర్చునకు వెనుదీయవలదు. నాలుగుదారుల కూడలిలో లాగవలసిన క్షణమున లాగని బండి ప్రాణాపాయకరము. కాని సొమ్ము చెల్లించుటకు ముందు ఐదు ప్రశ్న లడుగుడు: నూనె ఎంత యున్నది? రంగెట్లున్నది? ఏ గేరున జాఱినది? సంకేతమేమి? ఒత్తిడి ఎంత? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పువాని చేతిలోనే మీ బండిని పెట్టుడు.