తుప్పు మీద రంగు వేయొద్దు



పాత అంబాసిడర్ కారును ఇంటి దగ్గర పెట్టుకుని, విడిభాగాలు ఏరుకొచ్చి బాగు చేసుకోవడం విశ్వాసులకు తగిన పనేనా అని మన యౌవనస్థులు అడుగుతున్నారు. భూమి మీద కూడబెట్టింది తుప్పు పాలవుతుందని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు హెచ్చరించాడు కదా అని కొందరు పెద్దలు అంటున్నారు. మా అభిప్రాయం ఇది: బాగు చేయడం తప్పు కాదు. తుప్పును దాచడం తప్పు, సామాను పోగేయడం తప్పు.

అంబాసిడర్ మనకు కొత్త కాదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాల్‌లోని ఉత్తరపారలో అర్ధ శతాబ్దానికి పైగా తయారు చేసి, 2014 మే నెలలో ఆపేశారు. అధికారులు ఎక్కిందీ అదే, పెళ్లివారు ఎక్కిన టాక్సీ కూడా అదే. ఇక కొత్తది రాదు గనుక, ఉన్నదాన్ని నిలుపుకోవాలనుకోవడంలో దోషం లేదు.

అయితే మైపాడులో బండికి మొదటి శత్రువు మన సముద్రపు గాలే. ఇనుముకు తడి తగిలితే తుప్పు పడుతుంది, తడిలో ఉప్పు కలిస్తే ఇంకా వేగంగా తింటుంది. అది ముందు తలుపుల అడుగున, మ్యాట్ల కింద ఫ్లోరులో, నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడిపోయిన చోట మొదలవుతుంది. టార్పాలిన్ బిగించి కప్పితే లోపలి తడి బయటికి పోక మరింత చెడుతుంది. గాలి ఆడే షెడ్డు, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టే అలవాటు మేలు.

తుప్పు పట్టిన రేకు మీద పుట్టీ పెట్టి రంగు కొడితే బండి పండుగ దాకా మెరుస్తుంది. ఆ తరువాత వానకు పొక్కులు లేస్తాయి. మంచి రేకు కనిపించే దాకా కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేయించి, ప్రైమర్ కొట్టాకే రంగు వేయాలి. బలం లేని గోడకు పైపూత పూసినవారి గురించి యెహెజ్కేలు 13లో చదువుతాం. అలాంటి బండిని బాగుందని చెప్పి అమ్మితే అది అబద్ధమే.

విడిభాగాల కోసం ఉత్తరాన విజయవాడ ఆటోనగర్, దక్షిణాన చెన్నై పుదుపేట ఉన్నాయి. నెల్లూరులో రైలెక్కితే రెండూ ఒకే లైను. వెళ్లేముందు కావలసినవి కాగితం మీద రాసుకోండి. లేకపోతే మూడు బంపర్లు, రెండు కార్బురేటర్లు ఇంటికి వస్తాయి, బండి మాత్రం ఇటుకల మీదే ఉంటుంది. ప్రభువు హెచ్చరిక వర్తించేది అక్కడే. బిల్లు అడగండి. ఎవరి బండి నుంచి ఊడదీశారో తెలియని హెడ్‌లైటు సగం ధరకు వచ్చినా మనకొద్దు. పిల్లల ఫీజు డబ్బు, వడ్డీ అప్పు ఈ పనిలోకి రానివ్వకండి.

ప్రభుత్వ నియమం కూడా తెలుసుకోండి. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉన్న సొంత వాహనాన్నే వింటేజ్‌గా నమోదు చేస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. దాన్ని రోజూ తిప్పడానికి, బాడుగకు వీల్లేదు. వేరే ఇంజన్ పెట్టించే ముందు ఇది ఆలోచించండి.

ఇంకొక మాట. కార్బురేటర్ శబ్దం విని లోపం చెప్పగల మెకానిక్కులు ఇప్పుడు వృద్ధులయ్యారు. చాలామందిని పిలిచేవారు లేరు. వారిని గౌరవంగా పిలిచి, కూలి పూర్తిగా ఇచ్చి, పక్కన కూర్చుని నేర్చుకోండి. బండి నడవకపోయినా ఆ విద్య మీకు మిగులుతుంది, ఆ పెద్దాయనకు పని దొరుకుతుంది.

నెహెమ్యా కాలంలో యెరూషలేము గోడను కాలిపోయిన రాళ్ల కుప్పలోనుంచే తిరిగి కట్టారు. శత్రువులు నవ్వారు. కట్టినవారు ఎవరి ఇంటి ఎదుట భాగం వారు కట్టుకుంటూ పోయారు. మనం కూడా చేతికందిన పనిని నిజాయితీగా చేద్దాం.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమెన్.